స్టాల్ ముందు మనిషి ఎందుకు ఆగుతాడు: ట్రేడ్ షో డిజైన్‌లో ఆలోచన నుంచి అమలు దాకా

ట్రేడ్ షో స్టాల్ గురించి జరిగే మొదటి మీటింగ్ చాలా కంపెనీల్లో ఒకేలా సాగుతుంది. నెట్‌లో దొరికిన ఇరవై ముప్ఫై స్టాళ్ల ఫొటోలు తెర మీదికి వస్తాయి. ఒకదాని లైటింగ్ నచ్చుతుంది, ఇంకోదాని ఫ్లోరింగ్, మరోదాని పైన వేలాడే లోగో. మూడూ కలిపి త్రీడీ రెండర్ గీయిస్తారు. బొమ్మ బాగానే వస్తుంది. హాల్లో నిలబెట్టాక మాత్రం వరసలో కలిసిపోతుంది, ఎందుకంటే పక్క స్టాల్ వాళ్లు కూడా ఆ ఫొటోలే చూసి వచ్చారు.

స్టాళ్లను చూసి స్టాల్ గీయడంలోని చిక్కు ఇదే. ఫొటోలో రూపం దొరుకుతుంది కానీ ఆ రూపం వెనకున్న కారణం దొరకదు. ఆలోచనకు మెరుగైన మొదలు వస్తువు చేసే పనిలో ఉంటుంది. అది ఆపుతుందా, మోస్తుందా, కోస్తుందా, వడకడుతుందా, చల్లబరుస్తుందా? ఆ క్రియను ఒక్క మాటలో కాగితం మీద రాసి, దాని పక్కనే కొనేవాడి భయం ఏమిటో రాయాలి. ఈ రెండూ కలిసే చోటే స్టాల్‌కు కావాల్సిన దృశ్యం ఉంటుంది.

1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో లిఫ్టులు తయారుచేసే ఎలీషా ఓటిస్ చేసింది సరిగ్గా అదే. సరుకులెత్తే ప్లాట్‌ఫాం మీద నిలబడి జనం తలల కన్నా ఎత్తుకు వెళ్లి, దాన్ని పట్టి ఉంచిన తాడును కోయించాడు. తాడు బిగువు పోగానే పైనున్న స్ప్రింగు విచ్చుకుని రెండు పక్కల గైడ్ పట్టాల పళ్లలో చిక్కుకుంది. ప్లాట్‌ఫాం కాస్త జారి నిలిచిపోయింది. ఇందులో డిజైనర్ గమనించాల్సినవి మూడున్నాయి. లిఫ్ట్ కొనేవాడి భయం తాడు తెగడం, అందుకే ప్రదర్శన ఆ భయాన్నే ముందుకు తెచ్చింది. పని తలల పైన జరిగింది కాబట్టి వెనక వరసలో వాళ్లకూ కనిపించింది. పైగా చూసినవాడికి అర్థం కావడానికి ఒక్క మాట కూడా అక్కర్లేకపోయింది. ఇప్పటి స్టాల్ డెమోల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గర బోల్తా పడతాయి, ముఖ్యంగా రెండోదాని దగ్గర.

అన్ని వస్తువులూ కదిలేవి కావు. బట్ట, రాయి, కాగితం, పెయింట్ లాంటివి అమ్మేవాళ్లకు వస్తువే గోడ కావడం ఇంకో దారి. 1927లో బెర్లిన్ మహిళల ఫ్యాషన్ ప్రదర్శనలో జర్మన్ పట్టు పరిశ్రమ కోసం డిజైనర్ లిల్లీ రైష్, ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె ఒక కఫే కట్టారు. గోడలు లేవు. తిన్నగానూ వంపుగానూ బిగించిన లోహపు గొట్టాల నుంచి పట్టు, వెల్వెట్ తెరలు వేర్వేరు ఎత్తుల్లో వేలాడాయి. సందర్శకుడు ఆ తెరల మధ్యే కుర్చీలో కూర్చున్నాడు. శాంపిల్ ముక్కను వేళ్ల మధ్య నలిపి చూస్తే తెలియనివి, అంటే గుడ్డ ఎలా వేలాడుతుంది, వెలుగు పడితే ఎలా మారుతుంది అనేవి, ఆ తెరల మధ్య ఊరికే కూర్చున్నా తెలిసిపోతాయి.

మూడో దారి తయారీ విధానం. 1928లో కొలోన్‌లో జరిగిన ప్రెస్సా ముద్రణా ప్రదర్శనలో సోవియట్ విభాగానికి డిజైనర్ ఎల్ లిసిట్స్కీ పోస్టర్లను గోడకు అంటించి ఊరుకోలేదు. ముద్రణ యంత్రంలో కాగితం పరుగెత్తినట్టు పోస్టర్లు తిరిగే బెల్టులు పెట్టాడు. యంత్రం హాల్లోకి రాకపోయినా దాని లయ వచ్చింది. ఫ్యాక్టరీలో ఒక రోజు తిరిగి వస్తువు తయారయ్యే క్రమంలో ఏ దశ చూడ్డానికి బాగుందో, క్వాలిటీ టెస్టులో ఏది విరుగుతుందో, ఏది వంగుతుందో రాసుకుంటే డిజైనర్‌కు వంద ఫొటోలు ఇవ్వని సరుకు దొరుకుతుంది. ఈ పనికి మార్కెటింగ్ వాళ్లకన్నా సర్వీసు ఇంజనీర్లు ఎక్కువ ఉపయోగపడతారు. కస్టమర్ దగ్గర ఏది ఎలా పాడవుతుందో వాళ్లకు తెలుసు.

ఒక చిన్న రబ్బరు సీల్ ఉదాహరణ

పైపు జాయింట్లలో లీకేజీ ఆపే 40 మిల్లీమీటర్ల సీల్ అమ్మే కంపెనీని తీసుకుందాం. వస్తువు చిన్నది, నల్లనిది, చూడ్డానికి ఏమీ లేదు. మామూలుగా చేసేది సీళ్లను గాజు పెట్టెలో వరసగా పేర్చి వెనక పెద్ద ఫొటో వేయడం. క్రియ 'ఆపడం', భయం 'కారడం'. కాబట్టి డెమోలో నీళ్లు ఉండాలి, ఒత్తిడి ఉండాలి, కారడం కనబడాలి.

పారదర్శకమైన అక్రిలిక్ పైపులు రెండు పక్కపక్కన. ఒకదాని జాయింట్‌లో అరిగిన మామూలు సీల్, రెండోదాంట్లో కంపెనీ సీల్. రెంటికీ నీళ్లు ఒకే చేతిపంపు నుంచి వస్తాయి. పంపు పిడి నేల నుంచి మీటరు ఎత్తున, సందర్శకుడి చేతికందేలా ఉంటుంది. ప్రెషర్ గేజ్ డయల్ కనీసం 150 మిల్లీమీటర్లది తీసుకుని కంటి ఎత్తున బిగిస్తే రెండో వరసలో నిలబడినవాడికీ ముల్లు కనిపిస్తుంది. మామూలు 63 మిల్లీమీటర్ల గేజ్ అయితే పిడి తిప్పేవాడు ఒక్కడే చూస్తాడు, మిగతావాళ్లు వెళ్లిపోతారు.

కారిన చుక్క కనిపించేలా చేయడం అనుకున్నంత తేలిక కాదు. పారదర్శకమైన పైపు మీద నీటి చుక్క హాల్ వెలుగులో దాదాపు కనబడదు. నీళ్లలో ఫుడ్ కలర్ కలిపి, జాయింట్ కింద తెల్లటి బ్లాటింగ్ కాగితం పెడితే ఒక్క చుక్క చేతి వేలి వెడల్పు మరకగా పాకుతుంది. రెండో జాయింట్ కింద కాగితం తెల్లగానే మిగులుతుంది. ఆ రెండు కాగితాలే ఈ స్టాల్‌కు అసలు బ్యానర్. కాగితం ప్రతి డెమోకూ మార్చాలి, కాబట్టి రోజుకు ఎన్ని డెమోలు అనుకుంటే వాటికి రెట్టింపు షీట్లు, పైన పదో పరకో దగ్గర పెట్టుకోవాలి.

చెడిపోయేది ఎక్కడంటే: పైపులో గాలి మిగిలిపోతే ప్రమాదం. నీళ్లు దాదాపు కుదించుకోవు, గాలి మాత్రం స్ప్రింగులా శక్తిని దాచుకుంటుంది. అక్రిలిక్ పగిలితే ఆ గాలే ముక్కలను విసురుతుంది. అందుకే అన్నిటికన్నా పైభాగంలో గాలి వదిలే వాల్వు, పైపు తట్టుకోగల ఒత్తిడికి బాగా దిగువన తెరుచుకునే రిలీఫ్ వాల్వు, సందర్శకుడికీ పైపుకూ మధ్య పాలీకార్బొనేట్ (తేలిగ్గా పగలని ప్లాస్టిక్) షీటు తప్పనిసరి. రంగు నీళ్లు రెండు మూడు రోజుల్లో మబ్బు పడతాయి, రోజూ సాయంత్రం మార్చాలి. కింద పరిచే ట్రే మొత్తం నీటినీ పట్టేంత లోతుండాలి. స్టాల్‌లో నీళ్లు వాడతామని నిర్వాహకులకు ముందే రాసి అనుమతి తీసుకోకపోతే మొదటి రోజు పొద్దునే ఆపేస్తారు. అప్పుడు మిగిలేది ఖాళీ పైపులు.

మూడు దూరాలు

సందర్శకుడు స్టాల్‌ను ఒక్కసారిగా చూడడు. 15, 20 మీటర్ల నుంచి రంగూ ఆకారమూ మాత్రమే అందుతాయి. 5 మీటర్ల దగ్గర 'వీళ్లేం చేస్తారు' అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతాడు. మీటరు దగ్గరకు వచ్చాక వస్తువును ముట్టుకోవాలనిపిస్తుంది. ఒక్కో దూరానికి ఒక్కో పని అప్పజెప్పడమే లేఅవుట్. మూడింటి పనినీ వెనక గోడ మీద ఒకే ఫ్లెక్స్‌కు అప్పజెప్పే స్టాళ్లే ఎక్కువ.

అక్షరాల కొలతకు వాడే మోటు లెక్క: ప్రతి 3 మీటర్ల దూరానికి అక్షరం ఎత్తు కనీసం 25 మిల్లీమీటర్లు. 15 మీటర్ల నుంచి చదవాలంటే 125 మిల్లీమీటర్లు. నడుస్తూ, పక్కవాడితో మాట్లాడుతూ చదివేవాడికి దాన్ని రెట్టింపు చేయడం మంచిది. ఈ కొలత ఇంగ్లిష్ పెద్దక్షరాలకు సరిపోతుంది. ఒత్తులు, గుణింతాలు పైకీ కిందికీ సాగే లిపుల్లో అదే ఫాంట్ సైజు పెడితే అసలు అక్షరం చిన్నదైపోతుంది. అందుకని కొలత తలకట్టు కింది అక్షరానికి తీసుకోవాలి. వరసల మధ్య జాగా కూడా పెంచాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడితో ఢీకొంటుంది.

ముఖ్యమైన మాట నేల నుంచి 2 మీటర్ల పైన ఉండాలి. ఎదురుగా నలుగురు నిలబడగానే కింద ఉన్నదంతా మాయమవుతుంది, అంటే స్టాల్ బాగా నడుస్తున్నప్పుడే దాని మాట కనబడకుండా పోతుంది. 90 సెంటీమీటర్ల కింద రాసిన ఏ అక్షరమూ ఎవరూ చదవరు. కౌంటర్ల ముందు భాగాన కంపెనీ చరిత్ర ముద్రించడం ఎందుకు ఇంతగా అలవాటైందో అంతుబట్టదు. పైన రాసే మాట కంపెనీ పేరు కన్నా కంపెనీ చేసే పని అయితే మేలు. పేరు అందరికీ తెలిసిన సంస్థలకు ఈ చింత లేదు. మిగతావాళ్ల విషయంలో 'లీకేజీ లేని జాయింట్లు' అన్న రెండు మూడు మాటలు లోగో కన్నా ఎక్కువ మందిని ఆపుతాయి.

వరసలోని స్టాళ్లకు ఎత్తు పరిమితులుంటాయి. చాలా షోల్లో వెనక గోడ సుమారు 2.4 మీటర్లు దాటకూడదు. నడవ వైపు సగంలో పక్క గోడలు, వస్తువులు 1.2 మీటర్ల లోపే ఉండాలి, పక్క స్టాల్ కనిపించకుండా పోకూడదని. ఎగ్జిబిటర్ మాన్యువల్, అంటే నిర్వాహకులిచ్చే నియమాల పుస్తకం, చదవకుండా డిజైన్ ఖాయం చేస్తే, హాల్లో రంపం పెట్టి కోయాల్సి వస్తుంది.

వెలుతురు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, హాల్ పైకప్పు లైట్లను మనం ఆర్పలేం, కాబట్టి పోటీ తేడాతోనే. వస్తువు మీద పడే వెలుగు చుట్టుపక్కల కన్నా 3 రెట్లుంటే కన్ను గమనిస్తుంది, 10 రెట్లుంటే అది తప్ప ఇంకేమీ చూడదు. ఆ తేడా సాధించడానికి లైట్లు పెంచడం కన్నా వస్తువు వెనక, కింద ముదురు రంగు వేయడం చవక. స్పాట్‌లైట్ నిలువు నుంచి 30 డిగ్రీల వాలులో, సందర్శకుడి తల ముందు నుంచి పడాలి. వెనక నుంచి పడితే వంగి చూసినవాడి నీడే వస్తువు మీద పడుతుంది. రంగు ముఖ్యమైన వస్తువులకు సీఆర్ఐ (రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే గుణానికి కొలత) 90 దాటిన బల్బులే వాడాలి.

నేల మీద ఎంత జాగా

3 మీటర్లు పొడవు, 3 మీటర్లు వెడల్పు ఉన్న స్టాల్ అంటే 9 చదరపు మీటర్లు. అందులో 1.2 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పున్న డెమో టేబుల్‌కు 0.72, మీటరు చదరంగా చిన్న స్టోర్‌కు 1, గోడ ప్యానెళ్లు, షెల్ఫులకు ఇంకో అర చదరపు మీటరు పోతే మిగిలేది 6.8. ఒక్కో ఉద్యోగికి, వాడితో మాట్లాడే సందర్శకుడికి కలిపి సుమారు 4.5 చదరపు మీటర్ల ఖాళీ నేల కావాలన్నది వృత్తిలో వాడే లెక్క. ఆ ప్రకారం ఒకరికి సుఖంగా, ఇద్దరికి ఇరుగ్గా సరిపోతుంది. అలాంటి చోట యూనిఫాంలో ఐదుగురిని నిలబెడితే బయటినుంచి చూసేవాడికి స్టాల్ నిండిపోయినట్టు కనిపిస్తుంది, లోపలికి అడుగు పెట్టడు.

టేబుల్‌ను నడవ అంచుకు ఆనించి అడ్డంగా వేయడం మరో అలవాటు. అది గోడే. అంచు నుంచి 60 నుంచి 90 సెంటీమీటర్లు లోపలికి, ఒక పక్కకు వాలుగా వేస్తే చూసేవాడు తనకు తెలియకుండానే స్టాల్ కార్పెట్ మీద నిలబడతాడు. ఇందులో ఇంకో లాభం ఉంది. గుంపు నడవలోకి పొంగితే భద్రతా సిబ్బంది వచ్చి డెమో ఆపిస్తారు, ఆ 90 సెంటీమీటర్లు మొదటి వరసను లోపలే పట్టి ఉంచుతాయి. వైర్లు దాచడానికి 10 సెంటీమీటర్ల ఎత్తు చెక్క నేల వేసేవాళ్లు దాని అంచు మెట్టులా పనిచేస్తుందని మర్చిపోతారు. మెట్టు ఎక్కాలంటే మనిషి నిర్ణయించుకోవాలి. ఎత్తు తప్పదంటే చక్రాల కుర్చీ, ట్రాలీ బ్యాగు ఎక్కేలా 1:12 వాలు పెట్టాలి, అంటే 10 సెంటీమీటర్ల ఎత్తుకు 1.2 మీటర్ల ర్యాంప్. చిన్న స్టాల్‌లో అంత జాగా దొరకదు, కాబట్టి అక్కడ చెక్క నేల మానేసి కార్పెట్ కింద చదునైన కేబుల్ వేసుకోవడమే నయం.

చేతికి పని

పాల్గొనేలా చేయాలనగానే టచ్‌స్క్రీన్, వీఆర్ హెడ్‌సెట్ గుర్తొస్తాయి. కొనేముందు గంటకు ఎంతమంది అన్న లెక్క వేయాలి. వీఆర్ అనుభవం 4 నిమిషాలు, తగిలించడం, తుడవడం, తీయడం కలిపి 2 నిమిషాలు. గంటకు 10 మంది, 8 గంటల రోజుకు 80 మంది. అదీ క్షణం ఖాళీ లేకుండా నడిస్తే. పక్కనున్నవాళ్లకు కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి తప్ప ఏమీ కనబడదు. హెడ్‌సెట్ లోపలి దృశ్యాన్ని పైన పెద్ద తెర మీద చూపిస్తే ఆ 80 మంది చుట్టూ చూసేవాళ్లు చేరతారు. అలా చూపించలేని పరిస్థితి ఉంటే వీఆర్ మానేయడమే మంచిది. హెడ్‌సెట్ పెట్టుకున్నవాడితో మాట్లాడలేం, అతను ముఖం చిట్లించాడా, నవ్వాడా అన్నదీ తెలియదు.

సీల్ డెమోలో పిడి తిప్పడానికి 20 సెకన్లు, ఫలితం కనబడడానికి మరో 20. ఒకడు తిప్పుతుంటే ఆరుగురు చూస్తారు. పైగా తిప్పేవాడు తనే ఒత్తిడి పెంచాడు కాబట్టి ఫలితాన్ని నమ్ముతాడు. ఉద్యోగి తిప్పి చూపిస్తే అది ప్రకటన అవుతుంది. ఈ తేడా కోసమే డెమో యంత్రాన్ని మొరటు చేతులకు తట్టుకునేలా కట్టాలి. పిడికి రెండు చివరలా ఆగే స్టాపర్లు, బయటికి కనిపించని బోల్టులు, రోజుకు కొన్ని వందలసార్లు తిప్పినా ఊడని బేరింగ్. స్పేర్ పిడి ఒకటి పెట్టెలో ఉండాలి.

ఎవరూ లేనప్పుడు కూడా స్టాల్ కదులుతూ ఉండాలి. 1961లో డిజైనర్లైన ఈమ్స్ దంపతులు ఐబీఎం తరఫున రూపొందించిన గణిత ప్రదర్శనలో ఒక యంత్రం ఉంది. పైనుంచి వేల బంతులు మేకుల మధ్య తగులుకుంటూ పడి అడుగున గంట ఆకారంలో పోగవుతాయి, మళ్లీ పైకెళ్లి మొదలవుతాయి. చూసేవాడు ఏ క్షణాన వచ్చినా 'ఇప్పుడేమవుతుంది' అన్న ప్రశ్న సగంలో దొరుకుతుంది. స్టాల్ వీడియోకూ ఇదే కొలత. 3 నిమిషాల కార్పొరేట్ ఫిల్ముకు మొదలూ తుదీ ఉంటాయి, దారిన పోయేవాడికి రెండూ దొరకవు. 20, 30 సెకన్ల లూపు, మాటల్లేకుండా, అక్షరాలతోనే అర్థమయ్యేది చాలు. హాల్ రొదలో స్పీకర్ పెంచితే పక్కవాడు ఇంకా పెంచుతాడు, చివరికి మన ఉద్యోగే గొంతు పోగొట్టుకుంటాడు. వీడియో హాల్ వైఫై మీద ఆధారపడకూడదు, పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా నడవాలి. షో నడిచే వేళ వేల ఫోన్లు ఆ నెట్ మీదే ఉంటాయి.

బహుమతుల చక్రం గుంపును తెస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఆ గుంపు బహుమతి కోసం వచ్చింది. కొనేవాడు ఆ క్యూ చూసి తప్పుకుపోతాడు. ఆట పెట్టాలనుకుంటే దాని ప్రశ్న వ్యాపారానికి సంబంధించినదై ఉండాలి, ఆ పనిలో ఉన్నవాడికే ఆసక్తి కలిగేది. రెండు జాయింట్లలో ఏది ముందు కారుతుందో, ఎంత ఒత్తిడి దగ్గరో ఊహించి రాయమంటే ప్లంబింగ్ కాంట్రాక్టరు ఆగుతాడు, సంచులు పోగేసుకునేవాడు ఆగడు.

డెమో పక్కన నిలబడే ఉద్యోగి చోటు కూడా డిజైన్‌లో భాగమే. యంత్రం వెనక నిలబడితే అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురవుతారు. పక్కన, సందర్శకుడి భుజానికి కాస్త వాలుగా నిలబడితే ఇద్దరూ కలిసి ఒకే వస్తువును చూస్తారు. 'ఏం కావాలండీ?' అంటే 'ఊరికే చూస్తున్నాను' అన్న జవాబు ఖాయం. 'మీ లైన్లలో ప్రెషర్ ఎంత ఉంటుందండీ?' అని అడిగితే ఆ రంగంలో ఉన్నవాడు అంకె చెబుతాడు, లేనివాడు తనే జరుగుతాడు. ఈ ప్రశ్న డెమో డయల్ నుంచే పుట్టింది కాబట్టి కృతకంగా వినబడదు.

రెండర్ మీద సంతకం పెట్టేముందు

త్రీడీ రెండర్లు అబద్ధం చెప్పవు గానీ నిజం దాస్తాయి. కెమెరా మూడు మీటర్ల ఎత్తున, పక్క స్టాళ్లు లేని చోట, వైడ్ యాంగిల్‌లో ఉంటుంది. మనుషులు ఇద్దరే, సన్నగా, గాజులా పారదర్శకంగా ఉంటారు. ఫాబ్రికేటర్‌ను, అంటే స్టాల్ కట్టేవాళ్లను, ఇంకో బొమ్మ అడగాలి: కంటి ఎత్తు 1.6 మీటర్లు, నడవలో 10 మీటర్ల దూరం నుంచి ఏటవాలుగా, రెండు పక్కలా గోడలతో, లోపల ఆరుగురు మనుషులతో. ఆ బొమ్మను ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి, కంపెనీతో సంబంధం లేనివాళ్లకు 3 సెకన్లు చూపించి 'వీళ్లేం అమ్ముతారు' అని అడగాలి. ఐదుగురిలో ముగ్గురైనా చెప్పలేకపోతే పై అక్షరాలు మార్చాలి. అలాగే ఆఫీసు నేల మీద టేపు అంటించి, అట్టపెట్టెలను టేబుల్, కౌంటర్ సైజుకు పేర్చి నలుగురు తిరిగి చూస్తే, గీతల్లో బయటపడని ఇరుకు పది నిమిషాల్లో బయటపడుతుంది.

ముద్రణలో పెద్ద గ్రాఫిక్‌కు అసలు సైజులో 100 డీపీఐ (అంగుళానికి 100 చుక్కలు) చాలు. చేతికందే దూరంలో చదివే ప్యానెళ్లకు 150 పెట్టుకోవచ్చు. సిలికాన్ అంచుతో ఫ్రేములో బిగించే బట్ట గ్రాఫిక్‌ను మడవకుండా గొట్టానికి చుట్టి పంపాలి. మడత పడితే వెనక నుంచి లైటు వేసే ఫ్రేములో ఆ గీత షో అయ్యేదాకా కనిపిస్తుంది. అగ్నినిరోధక సర్టిఫికెట్ కాపీ స్టాల్‌లోనే ఉంచాలి, అడిగినప్పుడు ఈమెయిల్‌లో వెతుక్కునే సమయం ఉండదు.

మొదటి రోజు లెక్క

సాయంత్రానికి 'బాగా వచ్చారు' అన్న మాట దేనికీ పనికిరాదు. రద్దీ వేళలో అరగంట పాటు ఒకరు ఎదురు నడవలో నిలబడి నాలుగు అంకెలు రాయాలి: దాటిపోయినవాళ్లు, తల తిప్పినవాళ్లు, ఆగినవాళ్లు, మాట్లాడినవాళ్లు. తల తిప్పేవాళ్లే తక్కువైతే లోపం పైభాగంలో ఉంది, వెలుగు లేదా పెద్ద అక్షరాలు. తల తిప్పి ఆగకపోతే ఏం అమ్ముతున్నారో 5 మీటర్ల నుంచి అర్థం కావడం లేదు, లేదా ముందు టేబుల్ అడ్డుంది. ఆగి మాట్లాడకుండా వెళ్తుంటే ఉద్యోగి నిలబడే చోటు, వేసే ప్రశ్న మార్చాలి.

వీటిలో చాలావరకు ఆ రాత్రే సరిచేయొచ్చు. టేబుల్ జరపడానికి ఇద్దరు చాలు. వీడియో కత్తిరించడానికి లాప్‌టాప్ చాలు. స్పాట్‌లైట్ తిప్పడానికి నిచ్చెన కావాలి, దాన్ని నిర్వాహకుల దగ్గర ముందే అడిగి పెట్టుకోవాలి. పైన వేసే మాటను ఫ్లెక్స్‌తో కలిపి ముద్రించకుండా విడి ప్యానెల్‌గా వేయించుకుంటే, రాత్రి ప్రింట్ తీసే షాపు ఒకటి దొరికితే చాలు, రెండో రోజు పొద్దున్నకు అదీ మారుతుంది.